లినక్స్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగ్ చక్రం

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగ్ చక్రం అనేది కంప్యూటరులో వాహన చోదన ఆటలకు, అనుకరణ ప్రోగ్రాములకు ఉపయోగించే ఒక పరికరం. సాధారణ ఆట చక్రం మనిషి చేతి కదలికను కంప్యూటరుకు తెలియజేస్తుంది, అంతే. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ చక్రం అంతటితో ఆగక, లోపలి మోటారు ద్వారా రోడ్డు, టైరు స్థితిని తిరిగి మనిషి చేతికి తెలియజేస్తుంది. లినక్స్ వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఈ చక్రాలు చాలావరకు పనిచేస్తాయి. అయితే పరికర తయారీదారులు సాధారణంగా లినక్స్ కొరకు సాఫ్ట్‌వేరు ఇవ్వరు కనుక దీని అమరికను వినియోగదారుడే అర్థం చేసుకొని చేయవలసి ఉంటుంది. ఈ వ్యాసం ఆ అమరికలోని దశలను, వాటి వెనుకనున్న కారణాలను వివరిస్తుంది.

స్టీరింగులోని బలం - శ్రీశైలం ఘాట్ రోడ్డు ఉదాహరణ

చక్రం చేతికి ఏమి చెప్పాలో తెలియడానికి ముందుగా నిజమైన వాహనం ఏమి చెబుతుందో చూడాలి. దీనికి శ్రీశైలం ఘాట్ రోడ్డు మంచి ఉదాహరణ. హైదరాబాదు నుండి వచ్చే రోడ్డు మన్ననూరు దాటిన తరువాత నల్లమల అడవిలో సాగి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా కృష్ణానది లోయలోకి దిగుతుంది. నదిని దాటి మరల మలుపులు తిరుగుతూ సున్నిపెంట మీదుగా శ్రీశైలానికి ఎక్కుతుంది. దోర్నాల వైపు నుండి వచ్చే రోడ్డు కూడా ఇటువంటిదే. శ్రీశైలం 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు ఉన్నది.

ఇటువంటి మలుపులో స్టీరింగు తిప్పినప్పుడు అది తిరిగి మధ్యకు రావడానికి ప్రయత్నిస్తుంది. దీనికి రెండు ముఖ్య కారణాలు ఉన్నాయి. మొదటిది, ముందు చక్రాల స్టీరింగు ఇరుసు కొంచెం వెనుకకు వాలి ఉండడం. రెండవది, మలుపులో టైరు రోడ్డును పట్టుకునే బలం టైరు ఆనిన భాగం మధ్యలో కాక కొంచెం వెనుకగా పనిచేయడం. ఈ రెండూ కలిసి స్టీరింగును నిటారు స్థితికి నెట్టే బలాన్ని కలిగిస్తాయి.

ఇందులో గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. వాన కురిసిన రోడ్డు మీద ముందు టైర్లు పట్టు కోల్పోబోతున్నప్పుడు రెండవ కారణం వలన కలిగే బలం తగ్గిపోతుంది. చేతిలో స్టీరింగు ఉన్నట్టుండి తేలిక అవుతుంది. అనుభవం గల డ్రైవరు బండి జారడాన్ని కంటితో చూడకముందే ఈ తేలికదనాన్ని చేతితో పసిగట్టి వేగం తగ్గిస్తాడు. తెర మీది బొమ్మ ఈ సమాచారాన్ని ఇవ్వలేదు. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉద్దేశం దీనిని అందించడమే. కనుక చక్రం ఊరికే వణకడం కాదు, సరైన సమయంలో బరువెక్కడం, తేలికపడడం ముఖ్యం.

చక్రంలోని భాగాలు

ఈ చక్రాలలో ఒక విద్యుత్ మోటారు లేక రెండు మోటార్లు, తిరిగిన కోణాన్ని కొలిచే పరికరం, ఒక చిన్న నియంత్రణ చిప్పు ఉంటాయి. మోటారు బలాన్ని చక్రానికి చేర్చే పద్ధతిని బట్టి వీటిని మూడు రకాలుగా చెప్పవచ్చు.

* పళ్ళచక్రాల రకం: లాజిటెక్ సంస్థ వారి జి25 (2006), జి27, జి29 (2015) ఈ రకానికి చెందినవి. ధర తక్కువ, మన్నిక ఎక్కువ. పళ్ళ మధ్య సందు వలన కొంచెం శబ్దం ఉంటుంది.
* బెల్టు రకం: థ్రస్ట్‌మాస్టర్ సంస్థ వారి టి300 వంటివి. కదలిక మృదువుగా ఉంటుంది.
* నేరుగా మోటారు ఇరుసుకే బిగించిన రకం: వీటిని డైరెక్ట్ డ్రైవ్ చక్రాలు అంటారు. బలం చాలా ఎక్కువ.

బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పళ్ళచక్రాల రకం సుమారు 2 న్యూటన్ మీటర్ల బలం ఇస్తుంది. 27 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం అంచు వద్ద ఇది దాదాపు ఒకటిన్నర కిలోల బరువు లాగినట్లు ఉంటుంది. 20 న్యూటన్ మీటర్ల డైరెక్ట్ డ్రైవ్ చక్రం, 30 సెంటీమీటర్ల వ్యాసం గలదైతే, 13 కిలోలకు పైగా లాగుతుంది. బొటనవేలు చక్రం కమ్మీల మధ్య ఇరుక్కుంటే గాయం కాగలదు. అందువలన మొదటి పరీక్షలను ఎప్పుడూ తక్కువ బలంతోనే చేయాలి.

లినక్స్‌లో ఈ ఏర్పాటు పనిచేసే విధానం

లినక్స్ కెర్నల్‌ను 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో యంత్రభాగాలతో నేరుగా మాట్లాడే కేంద్రభాగం. ఒక్కొక్క పరికరం భాష తెలిసిన చిన్న ప్రోగ్రామును డ్రైవర్ ప్రోగ్రాము అంటారు. బండి నడిపే డ్రైవరుతో దీనికి సంబంధం లేదు.

ఆట నుండి చేతి వరకు బలం ఈ క్రింది మార్గంలో ప్రయాణిస్తుంది.

1. ఆట ప్రోగ్రాము టైరు మీద బలాన్ని లెక్కకడుతుంది.
2. ఆ బలాన్ని ఒక "ప్రభావం"గా మార్చి కెర్నల్‌లోని ఇన్‌పుట్ విభాగానికి పంపుతుంది. ప్రభావంలో రకం, దిశ, పరిమాణం, ఎంతసేపు ఉండాలి అనే వివరాలు ఉంటాయి.
3. డ్రైవర్ ప్రోగ్రాము దానిని ఆ చక్రానికి అర్థమయ్యే సంకేతాలుగా మార్చుతుంది.
4. యూఎస్‌బీ తీగ ద్వారా సంకేతాలు చక్రంలోని చిప్పుకు చేరుతాయి. చిప్పు మోటారును తిప్పుతుంది.

ప్రభావాలలో ముఖ్యమైనవి నాలుగు. స్థిరబలం ఒక వైపుకు నెట్టుతుంది. స్ప్రింగు ప్రభావం మధ్యకు లాగుతుంది. అవరోధ ప్రభావం వేగంగా తిప్పితే అడ్డుకుంటుంది. ఆవర్తన ప్రభావం అలల వలె కంపనాన్ని ఇస్తుంది. ఆధునిక చోదన అనుకరణలు ఎక్కువగా స్థిరబలం మీదనే ఆధారపడి, దాని పరిమాణాన్ని సెకనుకు అనేకసార్లు మార్చుతూ ఉంటాయి.

యూఎస్‌బీ పరికరాలలో బలప్రభావాలను తెలిపే ఉమ్మడి ప్రమాణం 1999లో వెలువడినది. అన్ని చక్రాలూ దానిని పాటించి ఉంటే ఒకే డ్రైవర్ ప్రోగ్రాము సరిపోయేది. కాని అనేక సంస్థలు తమ సొంత సంకేతాలను ఉపయోగించాయి. వాటి వివరాలు బయటపెట్టనప్పుడు స్వచ్ఛంద రచయితలు వేరొక ఆపరేటింగ్ సిస్టమ్‌లో యూఎస్‌బీ తీగ మీద వెళ్ళే సంకేతాలను నమోదు చేసి, ఏ సంకేతానికి చక్రం ఏమి చేస్తున్నదో పోల్చి చూసి, డ్రైవర్ ప్రోగ్రాములను వ్రాశారు.

ఏ చక్రానికి ఏ డ్రైవర్ ప్రోగ్రాము

* లాజిటెక్ డ్రైవింగ్ ఫోర్స్, డ్రైవింగ్ ఫోర్స్ ప్రో, డ్రైవింగ్ ఫోర్స్ జీటీ, జి25, జి27, జి29: కెర్నల్‌లోనే ఉన్న ఎల్‌జీ4ఎఫ్ఎఫ్ అనే డ్రైవర్ ప్రోగ్రాము వీటిని నడుపుతుంది. దీని తొలి రూపం 2010 నాటిది. విడిగా ఏమీ స్థాపించనవసరం లేదు.
* లాజిటెక్ జి920: దీని సంకేతభాష వేరు. కెర్నల్‌లోని హెచ్‌ఐడీపీపీ అనే వేరొక డ్రైవర్ ప్రోగ్రాము దీనిని నడుపుతుంది.
* థ్రస్ట్‌మాస్టర్ టి150, టి300 మొదలైనవి: తగిలించగానే ఇవి సాధారణ రూపంలో కనబడతాయి. వాటిని అసలు రూపానికి మార్చే భాగం 2021లో కెర్నల్‌లో చేరినది. బలప్రభావాలకు మాత్రం స్వచ్ఛంద రచయితల విడి డ్రైవర్ ప్రోగ్రాములు స్థాపించుకోవాలి.
* ఫానాటెక్ చక్రాలు: వీటికి కూడా విడి డ్రైవర్ ప్రోగ్రాము ఉన్నది.
* ఉమ్మడి ప్రమాణాన్ని చాలావరకు పాటించే డైరెక్ట్ డ్రైవ్ చక్రాలు: వీటి కొరకు ఒక సార్వత్రిక డ్రైవర్ ప్రోగ్రాము 2025లో వెలువడిన 6.15 కెర్నల్‌లో చేరినది.

చక్రం కొనే ముందే, ముఖ్యంగా పాత చక్రం కొనేటప్పుడు, దాని ఖచ్చితమైన నమూనా పేరును ఈ విధంగా సరిచూసుకోవడం మంచిది. ఒకే పేరుతో వేర్వేరు ఆటపెట్టెల కొరకు తయారైన చక్రాల లోపలి సంకేతాలు వేరుగా ఉండవచ్చు.

అమరిక విధానం

ఈ క్రింద ఆదేశాల పేర్లు వాటి ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరులో వాటిని రోమను లిపిలో, చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

బిగించడం: చక్రాన్ని కదలని బల్లకు గట్టిగా బిగించాలి. పెడళ్ళు నేల మీద జారకుండా చూడాలి. విద్యుత్ ఎడాప్టరును తప్పక కలపాలి. యూఎస్‌బీ తీగ నుండి వచ్చే విద్యుత్తు మోటారుకు సరిపోదు. జి29 మీద ఉండే చిన్న మీటను పీఎస్3 స్థానంలో ఉంచాలి. పీఎస్4 స్థానంలో పై డ్రైవర్ ప్రోగ్రాము దానిని గుర్తించదు. తగిలించగానే చక్రం తనంతట తాను రెండు వైపులా చివరి వరకు తిరిగి మధ్యకు వస్తుంది. ఆ సమయంలో చేతులు దూరంగా ఉంచాలి. విద్యుత్ సరఫరా పోయి మరల వచ్చినప్పుడు కూడా చక్రం ఇట్లే తిరుగుతుంది.

గుర్తింపు: ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం కంప్యూటరుకు తగిలించిన పరికరాల జాబితాను చూపుతుంది. ప్రతి పరికరానికి సంస్థ సంఖ్య, నమూనా సంఖ్య ఉంటాయి. లాజిటెక్ సంస్థ సంఖ్య 046డి. నమూనా సంఖ్యలలో జి25కు సి299, జి27కు సి29బి, జి29కు సి24ఎఫ్. జి25 లేక జి27 తగిలించినా సి294 అని కనబడితే అది పాత డ్రైవింగ్ ఫోర్స్ చక్రం వలె నటిస్తున్నదని అర్థం. ఈ స్థితిలో చక్రం సుమారు 200 డిగ్రీల లోపు కోణంతోనే పనిచేస్తుంది. కెర్నల్‌లోని డ్రైవర్ ప్రోగ్రాము సాధారణంగా దీనిని తనంతట తానే అసలు రూపానికి మార్చుతుంది.

కదలికల పరీక్ష: డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలలో జాయ్‌స్టిక్ అనే ప్యాకేజీలో పరీక్షా సాధనాలు లభిస్తాయి. జేఎస్‌టెస్ట్ అనే ఆదేశంతో చక్రాన్ని, ఒక్కొక్క పెడలును కదిపి సంఖ్యలు మారుతున్నవో లేదో చూడాలి. రెండు పెడళ్ళు ఒకే సంఖ్యను మార్చుతుంటే పెడళ్ళను కలిపివేసే అమరిక ఆన్‌లో ఉన్నదని గ్రహించి దానిని తీసివేయాలి.

బలం పరీక్ష: ఎఫ్ఎఫ్‌టెస్ట్ అనే ఆదేశం ఆటతో పని లేకుండా బలాన్ని పరీక్షిస్తుంది. ముందుగా అది ఆ చక్రం అంగీకరించే ప్రభావాల జాబితాను చూపుతుంది. తరువాత 0 నొక్కితే కంపనం, 1 నొక్కితే స్థిరబలం, 2 నొక్కితే స్ప్రింగు, 3 నొక్కితే అవరోధం పరీక్షించబడతాయి. కెర్నల్‌తో వచ్చే ఎల్‌జీ4ఎఫ్ఎఫ్ స్థిరబలాన్ని, తనంతట మధ్యకు వచ్చే గుణాన్ని మాత్రమే ఇస్తుంది. కనుక 1 పనిచేసి మిగిలినవి పనిచేయకపోతే చక్రం చెడిపోయినదని అనుకోనవసరం లేదు. మిగిలిన ప్రభావాలు కూడా కావాలనుకునేవారు న్యూ ఎల్‌జీ4ఎఫ్ఎఫ్ అనే విస్తృత డ్రైవర్ ప్రోగ్రామును స్థాపించుకోవచ్చు.

అనుమతులు: లినక్స్‌లో ప్రతి పరికరం ఒక ఫైలుగా కనబడుతుంది. ఆ ఫైలులో వ్రాయడానికి అనుమతి లేని వినియోగదారుడు చక్రం కదలికలను చదవగలడేమో గాని బలాన్ని పంపలేడు. నిర్వాహక అధికారంతో నడిపినప్పుడు పనిచేసి, మామూలుగా నడిపినప్పుడు పనిచేయకపోతే కారణం ఇదే. అందుకు యూడెవ్ అనే వ్యవస్థలో ఒక నియమాన్ని చేర్చాలి. ఆటలను ఎప్పుడూ నిర్వాహక అధికారంతో నడపడం సరైన పరిష్కారం కాదు. దాని వలన కంప్యూటరు భద్రతకు ముప్పు కలుగుతుంది.

కోణం, బలం: ఓవర్‌స్టీర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో చక్రం తిరిగే కోణాన్ని, మొత్తం బలాన్ని, మధ్యకు లాగే బలాన్ని మార్చవచ్చు. దీనిని వ్రాసినది న్యూ ఎల్‌జీ4ఎఫ్ఎఫ్ రచయితే. జి29 వంటి చక్రాలలో కోణాన్ని 40 నుండి 900 డిగ్రీల వరకు ఉంచవచ్చు. 900 డిగ్రీలు అంటే ఈ చివర నుండి ఆ చివరకు రెండున్నర చుట్లు. సాధారణ కారుకు ఇది దగ్గరగా ఉంటుంది. ఆటలోని కోణం, ఇక్కడి కోణం ఒకటిగా ఉండాలి. లేకపోతే తెర మీది స్టీరింగు ఒక విధంగా, చేతిలోనిది వేరొక విధంగా తిరుగుతాయి. ఆట తన బలాన్ని తానే ఇస్తుంది కనుక మధ్యకు లాగే బలాన్ని సున్న చేయాలి. అట్లా చేయకపోతే టైరు తేలికపడిన సంగతి చేతికి తెలియదు.

ఆటలో అమరిక: విండోస్ కొరకు తయారైన అనేక ఆటలను 2018లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన ప్రోటాన్ ద్వారా లినక్స్‌లో నడపవచ్చు. ఆట ప్రారంభించక ముందే చక్రాన్ని తగిలించాలి. స్టీమ్ ప్రోగ్రాములో ఆ ఆటకు స్టీమ్ ఇన్‌పుట్ అనే అమరికను ఆపివేయాలి. లేనియెడల ఆటకు చక్రం సాధారణ గేమ్‌ప్యాడ్ వలె కనబడి బలం అందకపోవచ్చు.

సాధారణ సమస్యలు

* కదలిక ఉన్నది, బలం లేదు: విద్యుత్ ఎడాప్టరు, అనుమతులు, డ్రైవర్ ప్రోగ్రాము ఈ వరుసలో చూడాలి. ఎఫ్ఎఫ్‌టెస్ట్‌లో బలం ఉండి ఆటలో లేకపోతే లోపం ఆట అమరికలో ఉన్నది.
* చక్రం మధ్యకు రాక ఒక వైపుకు ఈడ్చుకుపోతుంది: బలం దిశ తలక్రిందులైనది. ఆటలో బలాన్ని తిరగవేసే అమరికను మార్చాలి.
* చేతులు తీసినప్పుడు చక్రం అటూ ఇటూ ఊగుతుంది: బలం మోతాదు ఎక్కువైనది, లేదా ఆట నుండి బలం ఆలస్యంగా అందుతున్నది. బలం తగ్గించాలి.
* అన్ని మలుపులలోనూ బలం ఒకేలా ఉంటుంది: ఆట అడిగిన బలం మోటారు గరిష్ఠాన్ని దాటుతున్నది. పెద్ద మలుపుకు, చిన్న మలుపుకు భేదం పోతుంది. ఇక్కడ కూడా ఆటలోని బలాన్ని తగ్గిస్తేనే సమాచారం పెరుగుతుంది.
* కెర్నల్ నవీకరణ తరువాత చక్రం పనిచేయదు: విడిగా స్థాపించిన డ్రైవర్ ప్రోగ్రామును కొత్త కెర్నల్ కొరకు మరల నిర్మించాలి. డీకేఎంఎస్ అనే సాధనం ఈ పనిని తనంతట తానే చేస్తుంది. సురక్షిత బూట్ అమలులో ఉన్న కంప్యూటరులో డ్రైవర్ ప్రోగ్రాముకు డిజిటల్ సంతకం కూడా అవసరం.

పాత చక్రాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు

తయారీదారు ఒక నమూనాను మానివేసిన తరువాత దాని సాఫ్ట్‌వేరును కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అనుగుణంగా మార్చకపోవచ్చు. అప్పుడు యంత్రం బాగానే ఉన్నా పరికరం నిరుపయోగం అవుతుంది. కెర్నల్‌లో చేరిన డ్రైవర్ ప్రోగ్రాము విషయం వేరు. దాని మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంటుంది. కెర్నల్ మారినప్పుడల్లా దానిని కూడా సవరిస్తారు. 2006లో వచ్చిన జి25 చక్రం నేటికీ లినక్స్‌లో విడి సాఫ్ట్‌వేరు లేకుండా పనిచేయడానికి కారణం ఇదే. తక్కువ ధరకు పాత చక్రం కొనుక్కునే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. అంతేకాక కెర్నల్‌కు ఒక ప్రభావాన్ని పంపి మోటారును కదిలించడం భౌతికశాస్త్రాన్ని, ప్రోగ్రామింగును కలిపి నేర్చుకోవడానికి మంచి ప్రయోగం.

తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వ్యాప్తికి, లినక్స్ తెలుగీకరణకు కృషి చేసిన సంస్థలలో స్వేచ్ఛ ఒకటి. డెస్క్‌టాప్ మెనూలు తెలుగులో లభిస్తున్నా, ఇటువంటి పరికరాల అమరికకు సంబంధించిన సూచనలు చాలావరకు ఆంగ్లంలోనే ఉన్నాయి.

అనుకరణకు గల పరిమితులు

భారతదేశంలో 2021 జులై 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవింగు శిక్షణ కేంద్రాలలో అనుకరణ యంత్రం, శిక్షణ ట్రాకు ఉండాలి. నిబంధన రెండింటినీ కోరడం గమనార్హం. ఇంట్లోని చక్రం శిక్షణ యంత్రం కాదు. దానితో స్టీరింగు తిప్పే అలవాటు, టైరు పట్టును చేతితో గుర్తించే నేర్పు కొంతవరకు కలుగుతాయి. కాని మలుపులో శరీరం పక్కకు ఒరగడం, ఏటవాలులో బండి బరువు ముందుకు రావడం తెలియవు.

ముఖ్యంగా ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. అందుకే అక్కడ తక్కువ గేరులో, ఇంజను అడ్డుకునే బలంతో దిగుతారు. అనేక ఆటలలో బ్రేకులు వేడెక్కవు. ఆటలో ఎంత నేర్పు వచ్చినా అదే అలవాటుతో శ్రీశైలం ఘాట్ దిగడం ప్రమాదకరం. ఆటలో జారిన బండిని ఒక మీట నొక్కి మరల రోడ్డు మీద నిలపవచ్చు. లోయ పక్కన ఆ వీలు లేదు.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు
* యూఎస్‌బీ
* శ్రీశైలం
* నల్లమల అడవులు